చెత్తే కావాలంట, కానీ కొత్త చెత్త కావాలంట!

ఇప్పుడే పాప స్కూలు నుంచి వచ్చింది. నిన్న రాత్రి కూర్చుని నేను కోసి, నల్ల పెయింటు వేసి ఇచ్చిన శెనక్కాయ నూనె డబ్బా అట్లే తిరిగొచ్చింది. ఏడో తరగతికి 'వ్యర్థాలతో నీటి సేద్యం' అని ప్రాజెక్టు పెట్టినారు లెండి. పనికిరాని సామాన్లతో, మట్టి లేకుండా ఎరువు కలిపిన నీళ్ళలోనే ఆకుకూర పెంచాల. ఆ మాట విని అందరికంటే ముందు సంతోషపడింది నేనే. ఇప్పుడు డైరీలో ఎర్ర పెన్నుతో ఏం రాసి పంపినారో తెలుసా? "డబ్బా నీట్‌గా లేదు. కొత్త ట్రాన్స్‌పరెంట్ బాటిల్ పంపండి."

కింద తల్లిదండ్రుల సంతకం కావాలంట. ముందు ఇది రాసేస్తా, సంతకం సంగతి రాత్రికి చూద్దాం.

బాటిల్ కోసం వీధి చివర అంగడికి పోతే అక్కడింకో తమాషా. రెండు లీటర్ల కూల్‌డ్రింకులు అయిపోవచ్చినాయి. మా పాప క్లాసు పిల్లోడి నాయన ఒకాయన అంగడి ముందరే మూత తీసి డ్రింకంతా కాలవలోకి వంచుతున్నాడు. పిల్లోడికి దగ్గంట, తాగకూడదంట, బాటిల్ మాత్రం రేపటికి కావాలంట. పర్యావరణాన్ని కాపాడడమంటే ఇదే కదప్పా! అసలు మన ఇండ్లల్లో ఖాళీ డబ్బా పారేసేవాళ్ళెవరు? మా అమ్మ దగ్గర ఒక డబ్బా సంపాదించడమంటే బ్యాంకులో లోను తెచ్చుకున్నంత పని. ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో ఉలవలు, ఇంకోదాంట్లో పాత డబ్బాల మూతలు. పగిలిపోతే పాత సామాన్ల ఆటోకు తూకానికి పోతుంది. అట్లాంటి మాకు స్క్రీను మీద బొమ్మలు వేసి రీసైక్లింగ్ నేర్పిస్తారంట.

ఇంతకీ ట్రాన్స్‌పరెంటే ఎందుకు? ఫోటోలో వేర్లు కనపడాల కాబట్టి. ఎరువు కలిపిన నీళ్ళకు వెలుతురు తగిలితే పాచి పడుతుంది సామీ. చూస్తుండగానే నీళ్ళు పచ్చబడతాయి, మొక్కకు అందాల్సింది పాచి తినేస్తుంది. వేరుకు చీకటి కావాల. నల్ల పెయింటు వేసింది అందుకే. దాన్నే 'నీట్‌గా లేదు' అని రాసినారు.

ఇంక ఈ ప్రాజెక్టుకు కొనాల్సిన కిట్టు. 850 రూపాయలు. నాలుగు స్పాంజి ముక్కలు, సలాడ్‌లో వేసే లెట్యూస్ ఆకు విత్తనాలు, 'ఏ' 'బి' అని రాసిన రెండు చిన్న సీసాలు. నాది ఎరువుల అంగడని తెలిసినవాళ్ళకు తెలుసు. ఆ సీసాల్లో దేవలోకం నుంచి దిగిందేమీ లేదు. ఒకదాంట్లో కాల్షియం నైట్రేటు, రెండోదాంట్లో పొటాషు, భాస్వరం, మెగ్నీషియం సల్ఫేటు, కాస్త సూక్ష్మపోషకాలు. మన చీనీ (బత్తాయి) తోటలకు, టమాటాకు డ్రిప్పులో వదిలేవే. ఆ కిట్టు డబ్బులకు మా అంగట్లో సరుకు కొంటే క్లాసు మొత్తానికి సరిపోయి మిగులుతుంది. రెండు సీసాలు ఎందుకిచ్చినారో కూడా చెప్తా. కాల్షియం చిక్కగా ఉన్నప్పుడు సల్ఫేటు, ఫాస్ఫేటు తగిలితే విరిగి తెల్లగా అడుగుకు దిగిపోతుంది, మొక్కకు అందదు. ఒకదాన్ని నిండా నీళ్ళలో కలిపినాకనే రెండోది పోయాల. పోయిన వారం ల్యాబులో మేడమ్ ఏం చేసినారంటే, పంచడానికి తేలికని రెండూ ఒకే మగ్గులో కలిపేసి తలా ఒక మూత పోసినారంట. అడుగున సున్నం మాదిరి పేరుకుంటే "చూడండి, పోషకాలు ఎంత చిక్కగా ఉన్నాయో" అన్నారంట. పాప చెప్తుంటే నవ్వాల్నా ఏడవాల్నా తెలియలేదు.

అనంతపురంలో లెట్యూస్ ఏందప్పా! ఎండ ముదిరితే దాని కాండం సాగి పూతకొస్తుంది, ఆకు చేదెక్కుతుంది. మన మిద్దెల మీద బాటిల్లో నీళ్ళు కాగుతాయి, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోయి వేరు కుళ్ళుతుంది. తోటకూర వేయండి. తీగ బచ్చలి వేయండి. పుదీన కొమ్మ విరిచి గ్లాసులో పెట్టినా వేరు వస్తుంది, పిల్లోళ్ళు రోజూ చూసి గంతులేస్తారు. లెట్యూస్ తీసుకుపోయి మా అమ్మకిస్తే ఎనుముకు వేస్తుంది. నీళ్ళ సంగతి సరేసరి. నేరుగా బోరు నీళ్ళే. నీటి సేద్యానికి పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల-క్షార గుణం కొలత, 5.5 నుంచి 6.5 మధ్య ఉండాల, మన బోర్లల్లో చాలావాటివి ఎక్కువ. అట్లాంటి నీళ్ళలో ఇనుము వేసినా మొక్కకు అందదు, ఈనెలు పచ్చగా ఉండి లేతాకు పసుపెక్కుతుంది. దానికి మొక్కదా తప్పు, పిల్లదా? మార్కులు మాత్రం పిల్లకే కోస్తారు.

నేను నీటి సేద్యానికి వ్యతిరేకమని ఎవరైనా కింద కామెంట్లలో మొదలుపెడతారేమో, ఆగండి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూఇటూ వాన పడే ఊరు మనది. మట్టిలో ఇంకిపోయే నీళ్ళు డబ్బాలో నిలబడి ఆకుకూర చేతికొస్తుందంటే మనకంటే ఎవరికి అక్కర? హవాయి యూనివర్సిటీలో క్రాట్కీ అనే ప్రొఫెసరు మోటారు లేకుండా, కరెంటు లేకుండా పెంచే పద్ధతి చూపించినాడు. డబ్బా నిండా ఎరువు నీళ్ళు పోసి మూతకు బెజ్జం పెట్టి మొక్క నిలబెట్టడమే. మొక్క తాగేకొద్దీ నీళ్ళు తగ్గుతాయి, ఆ ఖాళీలో పై వేర్లు గాలి పీలుస్తాయి. మళ్ళీ మొదటంత నింపినామా, పై వేర్లు మునిగి ఊపిరాడక చస్తాయి. ఇంత సులువు. పెయింటు బకెట్టు చాలు, మెడికల్ షాపోళ్ళు పారేసే థర్మాకోల్ పెట్టె చాలు. పురుగుమందు డబ్బాలు మాత్రం ఎన్నిసార్లు కడిగినా వాడొద్దు, నా అంగట్లో అడిగినవాళ్ళకు కూడా నేనియ్యను.

ఇదంతా ఒక ఎత్తు. నాకు కడుపు మండింది ఇంకోదానికి. క్లాసులో మా పాప లేచి, "మేడమ్, నీళ్ళలో శెనక్కాయ పండుతుందా?" అని అడిగిందంట. క్లాసంతా నవ్వినారంట. మేడమ్ కూడా నవ్వి, "అవి మీ తాతవాళ్ళ చేన్లో పండించుకోండి, ఇది మోడరన్ ఫార్మింగ్" అన్నారంట.

ఎంత మంచి ప్రశ్న అది! పూత పైన పూస్తుంది, దాని నుంచి ఊడ అనే సన్న కాడ కిందికి దిగి మట్టిలోకి పోతేనే, ఆ చీకట్లోనే కాయ ఊరుతుంది. నీళ్ళ డబ్బాలో ఊడ యాడికి పోవాల? ఆకుకూరకూ కాయ పంటకూ తేడా ఏంది, ఏ పంటకు మట్టి తప్పదు, అని ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని గంటసేపు పాఠం చెప్పొచ్చు. శెనక్కాయ కొత్త రకాలు మన కదిరి పరిశోధన స్థానం నుంచి బయటికొస్తాయి. ఆ పేరు చెప్పినా పిల్లోళ్ళ కండ్లు మెరిసేవి. మా నాయన డ్రిప్పులో ఎరువు వదిలితే పాత సేద్యం, అదే ఎరువు 850 పెట్టి సీసాలో కొంటే మోడరన్ అంట.

నవ్వినోళ్ళను అనడానికేముంది, మన బడులన్నీ ఇంతే. నేను చదివేటప్పుడు మా లెక్కల సారు మార్కులు తగ్గినోన్ని నిలబెట్టి, "నీకు చదువెందుకురా, మీ నాయనతో పాటు శెనక్కాయ పెరుక్కో పో" అనేవాడు. వారం వారం అదే తిట్టు. ఎండకు ఎండి ఫీజు కట్టేది మా నాయన, ఆ ఫీజు తీసుకుని ఆయన పనినే తిట్టు చేసేది ఈయన. గొర్రెలు కాచుకో పో, కలుపు తీసుకో పో, గడ్డి కోసుకో పో. సేద్యం కాకుండా ఇంకో తిట్టు వచ్చిందా వీళ్ళ నోటికి ఎప్పుడైనా? దానికిప్పుడు ఇంగ్లీషు పేరు పెట్టి, తెల్ల కోటు తొడిగించి, ఫోటో తీసి ఫీజు వసూలు చేస్తున్నారు.

ఆ లెక్కల సారు రిటైరైనాక ఊరి బయట మూడెకరాలు కొన్నాడు. శెనక్కాయ వేసినాడు! ఊడలు దిగే టయానికి అంగడికొచ్చి, "జిప్సం ఎంత వేయాలప్పా?" అని నన్నే అడిగినాడు. ఎకరాకు 200 కిలోలు సార్, అని మర్యాదగా చెప్పి బస్తాలు ఆటోలో నేనే ఎక్కించినా. సార్, నా పోస్టులన్నీ మీరు చూస్తారని నాకు తెలుసు. పోయిన ఖరీఫు జిప్సం డబ్బులు ఇంకా రాలేదు.