విటమిన్ సీసాలో దాచిన మాత్రలు

పోయిన ఎండాకాలం మేముండే విదేశం నుంచి గుంటూరు వెళ్తూ మా అబ్బాయి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా కూర్చోలేకపోయే సమస్య) మాత్రల్ని విటమిన్ సీసాలో పోశాను. బ్రాడీపేటలో అత్తయ్యగారి కంటపడితే "పసివాడికి పిచ్చి మందులేంటమ్మా" అంటారని టెన్షన్. అది మిథైల్‌ఫెనిడేట్. ఇండియాలోనూ ఆంక్షలున్న మందే, డాక్టర్ చీటీతో అసలు డబ్బాలోనే తీసుకెళ్లాలి. పరువు ముందు ఆ భయం కూడా గుర్తురాలేదు.

అక్కడ మా ఆడపడుచు కొడుక్కి తొమ్మిదేళ్లు. హోంవర్క్‌కి కూర్చోబెడితే పెన్సిల్ చెక్కీ చెక్కీ బొటనవేలంత మిగిల్చాడు. నోట్సులో తేదీ తప్ప ఒక్క అక్షరం లేదు. బళ్లో రోజూ క్లాసు బయటే నిలబెడుతున్నారట. "హాస్టల్లో వేస్తే దార్లోకొస్తాడు" అన్నారు ఇంట్లో. సంచిలో సీసా పెట్టుకుని అన్నీ వింటూ కూర్చున్నాను.

ఊళ్లో బడికి బెంచీలు కొనిస్తాం, ఫొటోలు దిగుతాం. మన పిల్లాడికి ఏడీహెచ్‌డీ ఉందనీ, మందు వాడాక కుదురుగా చదువుకుంటున్నాడనీ మాత్రం సొంతవాళ్లకి చెప్పం. వాళ్లకి ఎక్కువ పనికొచ్చేది ఈ కబురే అని నా అభిప్రాయం.

అల్లరి పిల్లలందరికీ ఇది ఉండదు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలవ్వాలి, ఆర్నెల్లకి తగ్గకుండా ఉండాలి, ఇంట్లోనూ బళ్లోనూ కూడా కనిపించాలి. రక్తపరీక్షలోనో స్కాన్‌లోనో తేలేది కాదు. తల్లిదండ్రుల్నీ టీచర్నీ విడివిడిగా అడిగి డాక్టర్ నిర్ధారిస్తారు. అందుకే టీచర్‌తో గొడవ పెట్టుకోకుండా, పిల్లాడు ఎప్పుడెప్పుడు సీట్లోంచి లేస్తున్నాడో ఓ కాగితం మీద రాసిమ్మనండి. ఆరేళ్లలోపు పిల్లలకైతే మందు కన్నా ముందు అమ్మానాన్నలకే శిక్షణ: ఒకసారికి ఒక్క పనే చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం. చెప్పినంత తేలిక కాదు, నాకింకా పూర్తిగా రాలేదు!

గుంటూరు జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ముందు ఎవరితోనైనా మాట్లాడితే చాలనుకునేవాళ్లకి, 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. "మందు నేను పంపిస్తాలే" అని మాత్రం అనకండి. మోతాదు పిల్లాణ్ణి చూసిన డాక్టరే తేల్చాలి.

తిరిగొచ్చే ముందురోజు రాత్రి ఆడపడుచుకి చెప్పేశాను. "ఇన్నాళ్లూ నా పెంపకమే తప్పనుకున్నాను వదినా" అని ఏడ్చేసింది. ఈసారి అసలు డబ్బానే పట్టుకెళ్లి, డైనింగ్ టేబుల్ మీద అత్తయ్యగారి బీపీ మాత్రల పక్కనే పెట్టాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "టిఫిన్‌కి ముందా, తర్వాతా?" అని అడిగారు.