వంకర్ల వారికి ఓ విన్నపం

చేతిరాతలా వంపులు తిరిగే మహారాజశ్రీ స్క్రిప్ట్ ఫాంటు గారికి,

నిన్న మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. సర్టిఫికెట్లు మళ్లీ వేయించాల్సి వచ్చింది లెండి. మొన్న సభలో ఒకావిడ ఇనిషియల్ "టి". వేదిక మీద చదివినాయన తమరి టిని చూసి "ఎఫ్" అన్నాడు. ఆయన తప్పేం లేదు. తమరి దగ్గర టికీ ఎఫ్‌కీ తేడా నడుము దగ్గర ఒక చిన్న అడ్డగీత, టికి లేని ఆ గీత కూడా పక్క అక్షరం వంపు వచ్చి తగలడంతో ఉన్నట్టే కనిపించింది. ఎవరబ్బా ఈ ఎఫ్ అని ఆవిడ కూడా అందరితో పాటు వెనక్కి తిరిగి చూసింది!

పైగా "పేరంతా క్యాపిటల్స్‌లో పెట్టండి, గ్రాండ్‌గా ఉంటుంది" అని ఒక పెద్దాయన సలహా. పెట్టి చూపించాను. ఇయర్‌ఫోన్ వైర్లు జేబులోంచి తీసినట్టుంది. తమరి ఐ జెలా, ఎల్ ఎస్‌లా ఉంటే మనిషి పేరు ఎవరికి తెలియాలి? చివరి అక్షరం తోక బాక్స్ అంచుకి తెగిపోవడం, సైజు తగ్గిస్తే సన్నగీతలు అచ్చులో మాయమవడం, అక్షరాల మధ్య కాస్త ఎడం పెడితే కలిసి ఉండాల్సినవి విడాకులు తీసుకోవడం, ఇవన్నీ నేను ఎప్పుడో క్షమించేశాను. పేరు మాత్రం క్షమించను.

నిబ్బుతో రాసేవాళ్లకి ఈ బాధ లేదు. కిందికి లాగుతూ నొక్కితే లావు, పైకి పోతూ వదిలేస్తే సన్నం, చెయ్యి ఇక్కడున్నా కన్ను తర్వాతి అక్షరం మీద ఉంటుంది. చోటు చాలకపోతే తోక వాళ్లే కురచ చేసుకుంటారు. నువ్వు పక్కకి చూడవు కదా! అలా చూసే తెలివి ఫాంటుకి పెట్టడానికి ఎంత కాలం పట్టిందో! జర్మన్ అక్షరశిల్పి హెర్మన్ జాఫ్ 1944లో స్కెచ్ బుక్కులో రాసుకున్న అక్షరాలు జాఫినో అనే స్క్రిప్ట్ ఫాంటుగా బయటికొచ్చింది 1998లో. అంత పొడుగు తోకలు సీసపు అచ్చులో పట్టలేదు. కంప్యూటర్ వచ్చాక ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు పెట్టి, చోటుని బట్టి మార్చుకోగలిగారు.

ఆ సంగతి గుర్తొచ్చి సాయంత్రం నీ గ్లిఫ్స్ ప్యానెల్, అదే నీ అక్షరాల రూపాలన్నీ చూపించే పట్టీ, తెరిచాను. కిందికి, ఇంకా కిందికి పోతే, మూలన ఒక మామూలు టి. వంకర లేదు, నడుము దగ్గర అడ్డగీత లేదని తెలిసిపోతోంది, చక్కగా టిలా ఉంది. నీ దగ్గరే ఉందిరా అది! ఇన్నాళ్లూ ఎందుకు దాచావు? అడిగితే గానీ ఇవ్వని మర్యాద ఏం మర్యాద?

కోపంతో ఫాంటే మార్చేశాను. సర్టిఫికెట్ చూస్తే కరెంటు బిల్లులా ఉంది. పావుగంట చూసి, ఎవరూ లేరు కదా అని, మళ్లీ నిన్నే పెట్టాను. ఆ మూలన టితో. ఆవిడ పేరు చివర తోక మాత్రం పొడుగ్గానే ఉంచాను, బాగుంది మరి.

ఇట్లు,
కళ్లు మండుతున్న డిజైనర్