వేసవిలో వదిలేసిన చేప బతకదు, చలికాలంలో రండి

జూలై వస్తే చాలు, మా అట్లాంటా తెలుగు గ్రూపుల్లో ఒకే రకం ఫొటోలు. జార్జియాలోని మన లేక్ లేనియర్ సరస్సు మీద పడవ, నల్ల కళ్లద్దాలు, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్న పెద్ద చారల చేప, అదే స్ట్రైపర్ (స్ట్రైప్డ్ బాస్). కింద "పట్టాం, మళ్లీ నీళ్లలో వదిలేశాం" అని ఒక మాట, రెండు దండం బొమ్మలు. దాని కింద "మంచి పని చేశారు అన్నా" అని వరసగా కామెంట్లు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు మనసు పాడైపోతుంది. లోతులోంచి లాగిన చేప అయితే, చాలాసార్లు ఆ సాయంత్రానికే చచ్చిపోయి ఉంటుంది. ఫొటో పెట్టినవాళ్లకు ఆ సంగతి తెలియదు. నా కళ్లతో చూసేదాకా నాకూ తెలియదు.

మూడేళ్ల కిందట ఆగస్టులో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక గైడ్‌ని మాట్లాడుకుని వెళ్లాం. తెల్లారేసరికి డ్యామ్ వైపు లోతునీళ్లలో ఉన్నాం. బతికున్న హెర్రింగ్ చేపల్ని గాలాలకు గుచ్చి అరవై డెబ్బై అడుగుల లోతుకు దించాడు. పొద్దున్న ఎనిమిది అయ్యేలోపు పదకొండు స్ట్రైపర్లు పడ్డాయి. రెండు ఉంచుకుని తొమ్మిది వదిలేశాం. ప్రతిదానితోనూ ఫొటో దిగాం. ఒకటి పక్కకి ఒరిగి తేలుతుంటే గైడ్ దాన్ని తీసి, తల కిందికి పెట్టి నీళ్లలోకి విసిరాడు. "వెళ్లిపోతుందిలే" అన్నాడు. మునిగింది కూడా. గంట తర్వాత అదే దారిలో తిరిగి వస్తుంటే నీళ్ల మీద తెల్లగా పొట్టలు కనిపించాయి. నాలుగు లెక్కపెట్టాను. ఐదోది ఇంకా మొప్పలు ఆడిస్తోంది. పడవలో ఎవరం మాట్లాడలేదు. ఇంటికి తెచ్చిన మాంసం మా ఆవిడ ఇగురు పెట్టింది. నేను తినలేకపోయాను.

ఆ తర్వాత కూర్చుని చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. స్ట్రైప్డ్ బాస్ చల్లనీళ్ల చేప. పిల్లగా ఉన్నప్పుడు కొంత వేడి ఓర్చుకుంటుంది కానీ పెరిగేకొద్దీ ఓర్వలేదు. పెద్ద స్ట్రైపర్ 25 డిగ్రీల సెల్సియస్ దాటిన నీళ్లను తప్పించుకుని తిరుగుతుంది. నడివేసవిలో లేనియర్ పైనీళ్లు దానికంటే బాగా వేడిగా ఉంటాయి. కిందికి దిగితే చల్లగానే ఉంటుంది కానీ అక్కడ ఊపిరి ఆడదు. పైన వేడినీళ్లు తేలికై మూతలా కూర్చుంటాయి, కిందినీళ్లకు గాలి తగలదు, అడుగున కుళ్లే ఆకూ అలమూ ఉన్న ప్రాణవాయువును కాస్తా లాగేస్తుంది. పైన వేడి, కింద గాలి లేదు. ఈ రెంటి మధ్య మిగిలిన సన్నటి పొరలో పెద్ద చేపలన్నీ ఇరుక్కుని వేసవి గడుపుతాయి. సెప్టెంబరు నాటికి ఆ పొర ఇంకా పలచబడుతుంది. అంత అవస్థలో ఉన్నదాన్ని గాలంతో పట్టి, పది నిమిషాలు పెనుగులాడించి, వేడినీళ్లలోంచి పైకి లాగి, ఎండలో ఎత్తి పట్టుకుంటున్నాం. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి కడుపులో గాలితిత్తి ఉబ్బుతుంది. ఒళ్లంతా అలసట. అది మళ్లీ తన పొరకు చేరాలంటే ఆ వేడినీళ్ల గుండానే దిగాలి. ఎలా చేరుతుంది?

ఇది నా ఒక్కడి బాధ అనుకోకండి. అట్లాంటిక్ తీరంలో స్ట్రైపర్ల లెక్కలు చూసేవాళ్లు, పట్టి వదిలిన ప్రతి వంద చేపల్లో 9 చచ్చిపోతాయని లెక్క వేసుకుంటారు. అది అన్ని కాలాలకూ కలిపి వేసిన సగటు. ఎండాకాలం వేడినీళ్లలో పరిస్థితి అంతకంటే దారుణం. అందుకే మేరీలాండ్ 2021 నుంచి కొన్నేళ్లపాటు చెసపీక్ బేలో జూలై 16 నుంచి 31 దాకా ఈ చేప జోలికే వెళ్లొద్దని ఆపేసింది. పట్టి వదిలేస్తాం అన్నా ఒప్పుకోలేదు. అదే రాష్ట్రం 1985 నుంచి 1990 దాకా స్ట్రైపర్ వేటనే పూర్తిగా నిషేధించింది, చేప అంతగా తరిగిపోయింది కాబట్టి. ఆ అనుభవం ఉన్నవాళ్ల మాట మనం ఎందుకు వినకూడదు?

"రాష్ట్రం వాళ్లు ఏటా పిల్లల్ని వదులుతూనే ఉంటారు కదా, ఏమవుతుంది" అని మొన్న ఒకాయన అన్నారు. ఆయన మాటలో సగం నిజం ఉంది. మాది కోనసీమ. వరదనీళ్లు ఎర్రబడే రోజుల్లో సముద్రంలోంచి ఇలస గోదావరిలోకి ఎదురీది పులస అవడం చూస్తూ పెరిగినవాణ్ణి కనుక ఈ చేప కథ నాకు వెంటనే అర్థమైంది. స్ట్రైపర్ కూడా అసలు సముద్రపు చేపే, గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎక్కుతుంది. 1940ల మొదట్లో సౌత్ కరొలైనాలో శాంటీ, కూపర్ నదుల దగ్గర ఆనకట్టలు కట్టినప్పుడు కొన్ని స్ట్రైపర్లు లోపల చిక్కుకున్నాయి. అవి చావకుండా మంచినీళ్లలోనే బతికి పిల్లల్ని కూడా పెట్టాయి. ఆ తర్వాతే మిగతా రాష్ట్రాల వాళ్లు తమ సరస్సుల్లో పెంచడం మొదలుపెట్టారు. కానీ దాని గుడ్డు పొదగాలంటే దాదాపు రెండు రోజులు పారే నీళ్లలో తేలుతూ ఉండాలి. అడుగుకు దిగితే పని అయిపోయినట్టే. చట్టహూచీ నది మీద బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టగా వచ్చిన ఈ సరస్సులో అంత పొడుగు పారకం దొరకదు. అందుకే హేచరీలో, అంటే చేపగుడ్లు పొదిగించే కేంద్రంలో, పెంచి వదలాలి. వదిలేది వేలెడంత పిల్ల. అది ఇరవై పౌండ్ల చేప కావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ ఒక ఫొటో కోసం పోతున్నాయి.

పట్టి వదలడమే మీకు ఇష్టమైతే చలికాలంలో రండి. ఈ పోస్టు రాస్తున్నది ఈ మాట కోసమే. నవంబరు, డిసెంబరుల్లో పైనీళ్లు చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతాయి. సరస్సు మొత్తం ఒక్కసారి కలగలిసిపోతుంది. చల్లనీళ్లు ప్రాణవాయువును ఎక్కువ పట్టి ఉంచుతాయి కూడా. వేసవంతా ఇరుకు పొరలో ఉన్న చేపకు సరస్సంతా తెరిచినట్టు అవుతుంది. జనవరికి నీళ్లు 9, 10 డిగ్రీలకు వస్తాయి. స్ట్రైపర్‌కు అది చలి కాదు. ఇబ్బందంతా దాని తిండికి, అంటే థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే రెండు మూడంగుళాల చిన్న చేపకు. నీళ్లు ఇంకా చల్లబడి 7 డిగ్రీల వైపు వెళ్తే షాడ్ నీరసపడి, కళ్లు తిరిగినట్టు వణుకుతూ తేలుతుంది, కొన్ని చచ్చిపోతాయి. స్ట్రైపర్లు వాటి కోసం పాయల చివర్లకు చేరతాయి. చెస్టటీ వైపు గానీ, వాహూ క్రీక్ వైపు గానీ వెళ్లి చూడండి, మీకే తెలుస్తుంది.

ఆ పొద్దుటి పూటలు ఎలా ఉంటాయో చెప్పాలని చాలాసార్లు ప్రయత్నించాను. మంచు పొగలా లేస్తుంటుంది. జూలైలో జెట్ స్కీల మోతతో హోరెత్తే సరస్సు ఇదేనా అనిపిస్తుంది. ముందు చూడాల్సింది పక్షుల్ని. గల్ పక్షులు ఊరికే కూర్చుని ఉంటే అక్కడ పని లేదు. అవి తిరుగుతూ ముక్కు కిందికి పెట్టి నీళ్లను తాకుతున్నాయంటే కింద చేపలు షాడ్‌ని పైకి తరుముతున్నాయన్నమాట. ఉత్తరాది నుంచి చలికాలం గడపడానికి వచ్చే లూన్ పక్షులు మునిగి లేస్తుంటే అక్కడ కూడా షాడ్ ఉన్నట్టే. నాకు పడవలో నీళ్ల కింది చేపల్ని చూపించే సోనార్ తెర కంటే ఈ పక్షుల మీదే నమ్మకం ఎక్కువ.

ఇక ఫ్లై సంగతి. చలికాలంలో నేను పట్టేది ఫ్లైతో, అంటే గాలానికి వెంట్రుకలు కట్టి చేసిన తేలికపాటి బొమ్మ ఎరతో. మామూలు గాలంలో మనం బరువును విసురుతాం, దారం వెనక వస్తుంది. ఫ్లై రాడ్‌లో లావుపాటి లైనే బరువు, కొసన కట్టిన ఫ్లైకి బరువు దాదాపు ఉండదు. వెనక్కి విసిరి, లైను పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు పంపాలి. ఆగడం రాకపోతే ఎంత బలం పెట్టినా పది గజాలు వెళ్లదు. మా మావయ్య విసురువల నేర్పేటప్పుడు "చేత్తో కాదురా, నడుముతో తిప్పి వదులు" అనేవాడు. ఇక్కడ మొదటిసారి లైను నిటారుగా సాగినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది.

నేను వాడేది తొమ్మిది అడుగుల ఎనిమిదో నంబరు రాడ్, మెల్లగా మునిగే లైను. ఫ్లై ఎక్కువగా క్లౌజర్ మిన్నో. పెన్సిల్వేనియాకు చెందిన బాబ్ క్లౌజర్ సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కోసం తయారుచేసినది. గాలానికి జింక తోక వెంట్రుకలు, ముందు రెండు సీసపు కళ్లు, అంతే. ఆ కళ్ల బరువుకి గాలం తిరగబడి కొన పైకి ఉంటుంది, లాగి ఆపిన ప్రతిసారీ తల వాల్చి దిగుతుంది. నీరసపడ్డ షాడ్ చేసేది అచ్చంగా అదే. తెలుపూ బూడిదరంగూ కలిపి మా అమ్మాయి కట్టి ఇస్తుంది, నాకంటే దాని చేతివేళ్లకే పని బాగా వచ్చు. విసరడం, పదిహేను లెక్కపెట్టడం, ఎడమచేత్తో లైనును జానెడు జానెడు లాగడం. చలికాలం చేప వేసవిలోలా విసురుగా కొట్టదు. ఏదో చెత్తకు తగులుకున్నట్టు బరువుగా ఆగుతుంది. తర్వాత ఆ చెత్త కదిలి వెళ్లిపోవడం మొదలవుతుంది. ఆ క్షణం కోసం నేను వేళ్లు కొంకర్లు పోయే చలిలో నాలుగు గంటలు నిలబడతాను. రాడ్ కడియాల్లో నీళ్లు గడ్డకడితే రాడ్‌ని సరస్సులో ముంచి తీస్తాను. మళ్లీ విసురుతాను.

ఇదంతా సరదా కోసమే చెప్పడం లేదు. బతికున్న ఎరను చేప గొంతు దాకా మింగేస్తుంది, గాలం లోపల దిగితే తీసేటప్పుడే ప్రాణం పోతుంది. ఫ్లై ఎక్కువసార్లు మూతి అంచునే తగులుతుంది. ఒక్కటే గాలం, దాని కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లును పటకారుతో నొక్కేస్తే చిటికెలో ఊడి వస్తుంది. జనవరిలో ఆ చేప పది పదిహేను అడుగుల లోతులో ఉంటుంది కనుక పైకి తెస్తే గాలితిత్తి ఉబ్బే బాధ తక్కువ. నీళ్లు చల్లన కనుక అలసట త్వరగా తీరుతుంది. వదిలాక అది తోకతో ముఖాన నీళ్లు కొట్టి వెళ్తుంది, విసిరేసి మునిగేలా చేయాల్సిన అవసరం ఉండదు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. గాలి సున్నా డిగ్రీల కంటే కిందికి పోయిన రోజు చేపను బయట పట్టుకుని ఉండకండి, తడి మొప్పలు గడ్డకడతాయి. పొడి చేతి తొడుగుతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడిపోతుంది. చేయి తడి చేసుకుని, చేపను నీళ్లలోనే ఉంచి గాలం తీయండి. ఫొటో కావాలంటే నీళ్లలో ఉన్నదాన్నే తీయండి. ఇక మీ సంగతి. లైఫ్ జాకెట్ మెడకు తగిలించడం కాదు, బిగించి కట్టుకోండి. ఈ సరస్సులో మునిగిపోయినవాళ్ల వార్తలు మనం ఏటా వింటూనే ఉన్నాం. పది డిగ్రీల నీళ్లలో పడితే ఎంత ఈత వచ్చినా కాళ్లూ చేతులూ నిమిషాల్లో చెప్పిన మాట వినవు.

పడవలున్నవాళ్లకు ఒక మాట. పక్షులు వాలుతున్నాయని పెద్ద మోటారుతో వాటి మీదికే దూసుకెళ్లకండి. మొన్న శనివారం గల్ పక్షుల కింద చేపలు ఎగురుతుంటే, నేను వంద గజాల దూరంలో మోటారు ఆపి తెడ్డుతో దగ్గరవుతున్నాను. ఒక పడవ మా మధ్యలోంచి పూర్తి వేగంతో వెళ్లి నడిమధ్యలో ఆగింది. అరనిమిషంలో పక్షులు లేచిపోయాయి, చేపలు దిగిపోయాయి. వాళ్లకీ దొరకలేదు, నాకూ దొరకలేదు, అవతల పిల్లాడితో ఒడ్డున నిలబడి వేస్తున్న ముసలాయనకూ దొరకలేదు. నాకు ఆ పిల్లాడి ముఖం చూస్తే కోపం ఆగలేదు. ఎదురుగాలి వైపు వెళ్లి, మోటారు ఆపి, గాలికి మెల్లగా కొట్టుకువస్తే అందరికీ దొరుకుతాయి. అయిదు నిమిషాలు ఓపిక పట్టలేమా?

"ఫ్లై ఫిషింగ్ డబ్బున్న తెల్లవాళ్ల ఆట" అని మా బావమరిది అంటాడు. రాడ్, రీలు, లైను కలిపి రెండు వందల డాలర్ల లోపు సెట్టుతోనే నేను మొదలుపెట్టాను. ఫోర్సైత్ కౌంటీలో ఇంత మంది మనవాళ్లం ఉన్నాం, పది ఇరవై నిమిషాల్లో సరస్సు. అయినా జూలై నాలుగు తర్వాత దాని వైపు చూడం. పదహారేళ్లు నిండితే లైసెన్స్ తీసుకోవాలి, అది మర్చిపోకండి.

తినొద్దని నేను అనను. నేను చేపలు తిని పెరిగినవాణ్ణి. వేసవిలో తప్పక వెళ్లాలనుకుంటే, పరిమితి లోపల తినేవరకు పట్టుకుని, అక్కడితో ఆపి, గాలాలు పైకి తీసేయండి. ఇక్కడ స్ట్రైపర్, వైట్ బాస్, వాటి హైబ్రిడ్ అన్నీ కలిపి రోజుకు 15, అందులో 22 అంగుళాలు, ఆపైన ఉన్నవి రెండే. చిన్నవే ఉంచుకోండి. పెద్ద చేపల్లో పాదరసం చేరుతుంది కనుక, ఎన్నాళ్లకొకసారి తినవచ్చో రాష్ట్రం ఇచ్చే సూచన చూడండి. కోసేటప్పుడు పక్కల వెంట ఎర్రగా ఉండే మాంసం తీసేస్తే నీచు వాసన సగం పోతుంది. మిగతాది చింతపండు పులుసుకు బాగా నిలబడుతుంది, ముక్క విరగదు.

నా పడవలో నీళ్ల వేడి చూపించే చిన్న తెర ఉంది. జూన్‌లో దాని మీద అంకె 25 డిగ్రీలు దాటిన రోజు నా రాడ్ గరాజ్‌లోకి వెళ్లిపోతుంది. మళ్లీ అది బయటికి వచ్చేది ఆకులు రాలాకే. ఈ శనివారం మాత్రం పొద్దున్న ఆరున్నరకు వెళ్తున్నాను. పడవలో ఒక చోటు ఖాళీగా ఉంది, ఇంట్లో ఇంకో జత చేతి తొడుగులు కూడా ఉన్నాయి. వచ్చేవాళ్లు కింద చెప్పండి.