సమాజం చెడిపోయిందట!

నిన్న అరగంట నుంచి క్యూలో నిలబడ్డాం. ఒకాయన నేరుగా వచ్చి ముందు దూరాడు. ఇదేంటండీ అని అడిగితే, "అందరూ ఇంతే కదమ్మా, సమాజమే చెడిపోయింది" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. అక్కడ నిలబడ్డ ఇరవై మందిమి మరి సమాజం కాదా?

తను అడ్డదారి తొక్కితే తప్పు సమాజానిది. అదే పని పక్కవాడు చేస్తే మాత్రం "వాడి బుద్ధే అంత". ఈ రెండు నాలుకల మాటలు వినీ వినీ విసుగొచ్చేసింది.

చుట్టూ ఉన్నవాళ్ల ఒత్తిడి ఏమీ ఉండదని నేననను. 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. పక్క గదిలోని మనిషికి కరెంటు షాక్ ఇవ్వమని చెబితే (షాక్ నిజం కాదు, ఇచ్చేవాళ్లకి ఆ సంగతి తెలీదు) 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల స్విచ్ దాకా నొక్కారు. మామూలు మనుషులే. చెమటలు పడుతున్నా, వణికిపోతున్నా నొక్కారు. ఆజ్ఞ ఇచ్చేవాడు గదిలో లేకుండా ఫోన్లో చెప్పినప్పుడు మాత్రం చివరిదాకా వెళ్లినవాళ్లు బాగా తగ్గిపోయారు. పరిస్థితి మనిషిని అంతలా వంచుతుంది. అలాంటి పరిస్థితులు కల్పించేవాళ్లు జవాబు చెప్పాల్సిందే.

కానీ ఆ మిగతా 14 మంది? అదే గది, అదే గొంతు, అదే ఒత్తిడి. వాళ్లు మధ్యలోనే ఆగిపోయారు. నాకెప్పుడూ వాళ్లే గుర్తొస్తారు.

నిన్న నాతో పాటు ఇంకొక్కరు అడిగి ఉంటే ఆయన వెనక్కి వెళ్లేవాడేమో. ఎవరూ నోరు విప్పలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.