సెల్ఫ్ క్లీన్ అంటే ఎవరి సెల్ఫ్ అండీ?

అమెరికాలోని ఫ్రిస్కోలో మేం ఖాళీ చేస్తున్న అద్దింట్లో కిచెన్ కౌంటర్ కింద ఒక బిల్ట్-ఇన్ అవెన్ ఉంది. నాలుగేళ్లుగా దాన్ని భక్తిశ్రద్ధలతో అల్మరాలాగా వాడుకున్నాం. ఇడ్లీ కుక్కరు, రెండు మూకుళ్లు, మూతల్లేని గిన్నెలు, గిన్నెల్లేని మూతలు... మీ ఇంట్లోనూ అంతే, నాకు తెలీదా. కాబట్టి లోపలున్న జిడ్డు మాది కాదు. మా ముందున్నోళ్లది, వాళ్ల ముందున్నోళ్లు కాల్చిన టర్కీ కోళ్లది. పొరలు పొరలుగా ఉంది, పురావస్తు శాఖ వాళ్లొచ్చి చిన్న బ్రష్షులతో తవ్వుకోవాల్సిన సరుకు.

ఇప్పుడు డిపాజిట్ వెనక్కి రావాలంటే అది తళతళలాడాలట.

సరే అని వీడియో పెట్టా. ఒకావిడ తెల్ల చొక్కా వేసుకుని (తెల్ల చొక్కా! అవెన్ తోమడానికి!) వంటసోడా చల్లి, మీద వెనిగర్ కొట్టి, బుసబుసా నురగ రాగానే మ్యాజిక్ అంది. స్కూల్లో మట్టి అగ్నిపర్వతం చేసిన ఏ పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు, ఒకటి క్షారం ఒకటి ఆమ్లం, రెండూ కొట్టుకు చస్తే గ్యాస్ పైకి పోతుంది, కింద సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు మిగుల్తాయి, జిడ్డు మాత్రం దర్జాగా కూర్చుని ఈ తమాషా చూస్తుంది. సోడా ఒక్కటే ముద్దలా పూసి రాత్రంతా వదిలేస్తే కాస్త మెత్తబడుతుంది, కాదన్ను, కానీ దానికి నురగ రాదు, నురగ రాకపోతే వ్యూస్ రావు. అసలావిడ అవెన్ ముందే నా పెళ్లిచీర కన్నా శుభ్రంగా ఉంది.

మా ఆయన ఇంజనీరు. 'బటనుండగా తోమడమేంటి' అని సెల్ఫ్ క్లీన్ నొక్కేశారు. అది నొక్కితే లోపల వేడి దాదాపు 480 డిగ్రీల సెల్సియస్‌కి పోయి జిడ్డంతా బూడిదవుతుంది, తలుపు దానంతటదే లాక్ పడిపోతుంది, చల్లారేదాకా దేవుడొచ్చినా తెరుచుకోదు. నొక్కాక అడిగారు, 'లోపలేం లేవుగా?' అని. ఉంది. వెనక మూల అత్తయ్య విజయవాడ నుంచి మోసుకొచ్చిన నాన్‌స్టిక్ పెనం, ప్లాస్టిక్ పిడితో సహా. క్యాన్సిల్ కొట్టాం, తలుపు రాదు. పొగ. స్మోక్ అలారం. కిటికీలన్నీ బార్లా తీసి, మా ఆయన లుంగీలో స్టూలెక్కి అలారానికి తుండుతో విసురుతుంటే, పాప చెవులు మూసుకుని డాన్స్ చేస్తుంటే, అత్తయ్య ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డట్టు నిలబడి 'ఒరేయ్, నా పెనం ఉందా పోయిందా' అని. చూసి చెబ్దామంటే అద్దం నల్లగా ఉంది కదా, దాన్ని తోమడానికేగా ఇదంతా.

పోయింది లెండి.

తర్వాత కాస్టిక్ సోడా స్ప్రే తెచ్చాం. జిడ్డుని సబ్బు చేసేస్తుంది, చేతి తోలుని కూడా. డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసుంది, సెల్ఫ్ క్లీన్ అవెన్లలో వాడరాదని. మళ్లీ సోడా ముద్దే గతి.

పొద్దున లేచి చూద్దును కదా, ఆర్నెల్లు మనవరాలితో గడుపుదామని వచ్చిన అరవయ్యెనిమిదేళ్ల మనిషి నేలమీద మోకాళ్లేసుకుని, తల అవెన్లో దూర్చి, స్టీలు పీచుతో తోముతోంది. రెండు మోకాళ్లకీ రాత్రే జండూబామ్ రాశా నేను. కొడుకు పక్కనే కాఫీ తాగుతూ ఇంకో వీడియో చూస్తున్నాడు. సింపుల్ అట, పది నిమిషాలట! ఆ తెల్ల చొక్కా ఆవిణ్ణి, ఆ బటన్‌కి సెల్ఫ్ అని పేరు పెట్టినవాణ్ణి, ఈయన్నీ వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేతికీ పీచు ఇవ్వాలి. సిగ్గుండక్కర్లా? ఏ ఇంట్లో ఏ బటన్ నొక్కినా చివరికి వంగేది ఎవరి నడుమో ఆ బటన్ కనిపెట్టినోడికి తెలీదా?

నేనూ కూర్చున్నా. మూడు గంటలు పట్టింది.

ఓనర్ మనిషొచ్చి తలుపు తెరిచి, పది సెకన్లు చూసి, క్లీనింగ్ చార్జీ రాసుకున్నాడు. తలుపు రెండద్దాల మధ్య గోధుమరంగు చారిక ఉందట. స్క్రూలన్నీ ఊడదీస్తే గానీ అక్కడికి చెయ్యి పోదు. అతను వెళ్లాక అత్తయ్య మెల్లిగా అడిగింది, 'అమ్మాయ్, ఇంతకీ ఇందులో ఏం వండుతారే?'