మా పక్కింటి బాబాయ్ గారు

భర్త పోయి ఏడాదైనా ఆయన చెప్పులు గుమ్మం దగ్గర్నించి తియ్యలేకపోతున్నానని మీరు రాసింది చదివాక మా బాబాయ్ గారే గుర్తొచ్చారండి. సొంత బాబాయ్ కాదు, రాజమండ్రిలో పక్కిల్లు, రైల్వేలో చేసేవారు. 1997లో గోదావరి మీదున్న పాత హేవలాక్ బ్రిడ్జి మీద రైళ్లు ఆపేసినప్పుడు ఇంట్లో మనిషి పోయినట్టు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదట, పిన్ని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. మా ఇంట్లో ఫ్యూజు పోతే మేం పిలవక్కర్లేదు, లుంగీ ఎగ్గట్టి టార్చ్ నోట్లో పెట్టుకుని స్టూలెక్కేసేవారు, ఆయన పోయాక మొదటిసారి కరెంట్ పోతే అలవాటుగా గోడవైపు చూసి బాబాయ్ అనబోయి ఆగిపోయాను. పదకొండో రోజున ఎవరో కుర్రాడొచ్చి ఇంటర్ పరీక్ష ఫీజు ఈయనే కట్టారండి అని ఏడుస్తుంటే పిన్నికి కూడా తెలీదు ఆ సంగతి, "నాకు చెప్పకుండా ఇంకెన్ని చేశాడో ఈ మనిషి" అని ఏడుపులోనే కోప్పడింది. ఆయన హెచ్‌ఎంటీ వాచీకి రోజూ రాత్రి పడుకునే ముందు కీ ఇస్తుంది, మొన్న ఊరెళ్తూ ఆ పని నాకు అప్పజెప్పింది. చెప్పులు తియ్యకండి మేడమ్, ఎవరేమన్నా సరే.