పంది మాంసం రోస్టుకి విజిల్స్ అక్కర్లేదు

నిన్న మధ్యాహ్నం నిమ్మకాయల కోసం కిందికి వెళ్ళి మెట్లెక్కి వస్తుంటే మా వంటింట్లోంచి కుక్కర్ విజిల్ వినబడింది. నేను కుక్కర్ పెట్టనే లేదు. లోపలికెళ్ళి చూస్తే ఓవెన్ ఖాళీ. పొద్దున్నుంచీ అందులో ఉన్న రెండు కిలోల పంది భుజాన్ని మా బావ బయటికి తీసి, కత్తితో ముక్కలు చేసి, నీళ్ళు పోసి కుక్కర్‌లో పడేశాడు. "ఎంతసేపని చూస్తాంరా, ఆరు విజిల్స్‌కి అయిపోతుంది" అన్నాడు. నాకేదో సాయం చేసినట్టు మొహం పెట్టి మరీ అన్నాడు. ఇంకా ఒళ్ళు మండుతోంది, అందుకే రాస్తున్నా.

మనవాళ్ళకి మాంసం ఉడకడమంటే విజిల్సే. మటన్‌కి ఇన్ని, నాటుకోడికి ఇన్ని అని ఇంటింటికీ ఓ లెక్క ఉంటుంది. కూరకైతే నేనూ కుక్కరే పెడతాను. కానీ రోస్టు కూర కాదు కదా! భుజం అంటే ఆ జంతువు రోజంతా బరువు మోసిన కండ. కండకీ కండకీ మధ్య తెల్లటి పొరలుంటాయి. అవి కరిగి జిగురైతేనే ముక్క మెత్తబడుతుంది. ఆ కరగడం 70 డిగ్రీలు దాటాక మొదలై గంటల తరబడి నింపాదిగా సాగుతుంది. కుక్కర్‌లో కరగదా అంటే కరుగుతుంది, లోపల 120 డిగ్రీల ఆవిరి ఉంటుంది మరి. కానీ రాత్రంతా ఉప్పు పట్టించి, గంటల సెగకి ఎర్రగా కట్టిన ఆ పైపొర ఏమైపోవాలి? చర్మం ఏమైపోవాలి? మూత తీసేసరికి అంతా నీళ్ళల్లో నాని తెల్లబోయింది. మాంసంలో ఉండాల్సిన రుచి నీళ్ళలోకి దిగిపోయింది. అందులో కారం, గరం మసాలా గుప్పించి "సూపర్‌గా ఉంది కదా" అని తిన్నారు అందరూ. నాకు ముద్ద దిగలేదు.

పైగా నా రోస్టు సరిగ్గా ఓపిక పట్టాల్సిన చోట ఉంది. లోపలి వేడి 70 దగ్గరికొచ్చాక థర్మామీటర్ చాలాసేపు కదలదు. పైన తడి ఆవిరైపోతూ ముక్కని చల్లబరుస్తూనే ఉంటుంది. తెలియనివాళ్ళు అప్పుడే టెన్షన్ పడి మంట పెంచేస్తారు, లేదా మా బావలాగా బయటికి లాగేస్తారు. దాన్ని అలాగే వదిలేస్తే 90 దాటుతుంది, అప్పుడు చెంచా గుచ్చితే విడిపోతుంది. "ఇంకో రెండు గంటలు ఆగు బావా" అని చెప్పే కిందికి దిగాను. చెప్పాక కూడా!

అసలు ఆ ముక్క తెచ్చుకోవడమే ఒక యుద్ధం. మాంసం కొట్టులో "భుజం, ఎముకతో, చర్మం తీయకుండా, ముక్కలు కొట్టకుండా" అని చెబుతూండగానే అతని కత్తి లేస్తుంది. పాపం అతని తప్పేం లేదు, అందరూ కూర ముక్కలే అడుగుతారు. మొన్న నిలబడి, చేయి అడ్డం పెట్టి మరీ ఆపించాను. మంట మీద కాల్చి గీకిన చర్మం, దాని కింద వేలు మందాన తెల్లటి కొవ్వు. ఎంత మంచి ముక్క అది! చాలామంది ఆ కొవ్వంతా కోయించేసి, కొవ్వు లేని నడుం భాగం తెచ్చి, గంటల తరబడి కాల్చి, "పంది మాంసం పీచు పీచుగా ఉంటుందండీ" అంటారు. నడుం భాగాన్ని అంతసేపు ఎవరు కాల్చమన్నారు? అమెరికా వ్యవసాయ శాఖ 2011లోనే ఇలాంటి పెద్ద ముక్కలకి 63 డిగ్రీలు, దించాక 3 నిమిషాల విరామం చాలని చెప్పింది. అంతకుముందు 71 అనేవాళ్ళు. అక్కడే ఉంటున్న మా కజిన్ ఇప్పటికీ నడుం భాగాన్ని ఎండు కట్టె చేసి, మాంసాన్ని తిడతాడు.

చేసే పద్ధతిలో బ్రహ్మవిద్యేం లేదు. కిలోకి 15 గ్రాముల ఉప్పు, మిరియాలు, కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు, వెల్లుల్లి. చర్మం మీద గాట్లు పెట్టాలి, కత్తి కండలోకి దిగకూడదు. మసాలా అంతా కండకే పట్టించాలి, చర్మానికి ఉప్పొక్కటే. మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే చర్మం ఆరుతుంది. చర్మం ఆరకపోతే కరకరలాడదు, ఎన్ని చిట్కాలు చేసినా ఆడదు. పొద్దున్నే 150 డిగ్రీల్లో పెట్టి తలుపు మూసి, పక్కకి తప్పుకోవాలి. రెండు కిలోలకి నాలుగైదు గంటలు పడుతుంది. చివర్లో 230కి పెంచితే చర్మం పొంగుతుంది, అప్పుడు మాత్రం కళ్ళు అటే ఉంచాలి, లేదంటే మాడిపోతుంది. దించాక అరగంట ముట్టుకోకూడదు. దించిన వెంటనే కోస్తే రసమంతా పళ్ళెంలోకి పోతుంది. ఇంతే. కానీ మన ఇళ్ళల్లో ఓవెన్ తలుపు పావుగంటకోసారి ఎవరో ఒకరు తీస్తూనే ఉంటారు.

ఇప్పుడు "పురుగులుంటాయి, మెదడులోకి పోతాయి" అని కొందరు బయల్దేరతారు. విని విని విసుగొచ్చింది. 90 డిగ్రీలు దాటిన ముక్కలో ఏ పురుగూ బతకదు. మెదడులో తిత్తులు వచ్చేది బద్దెపురుగు గుడ్లు కడుపులోకి వెళ్ళడం వల్ల. ఆ గుడ్లు వచ్చేది మనిషి మలం నుంచి, సరిగ్గా కడగని కూరగాయల మీద, నీళ్ళలో. జన్మలో మాంసం ముట్టనివాళ్ళకి కూడా ఆ జబ్బు వస్తోంది. మురిక్కాలవల పందులంటారు. షెడ్లలో దాణా పెట్టి పెంచే సీమ పందులు లేవా? తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంవాళ్ళు పెంపకందార్ల కోసం టీ-17 అని ఒక సంకరజాతినే తయారుచేశారు. ఇవన్నీ ఎవరికీ పట్టవు. ముక్కు మూసుకోవడం మాత్రం బాగా వచ్చు.

ముక్కు మూసుకోవడమంటే గుర్తొచ్చింది, నా అసలు కోపం విజిల్ మీద కాదు.

మా నాయనమ్మ క్రిస్మస్‌కి పంది మాంసం వండేది. కట్టెల పొయ్యి మీద పెద్ద దాక, అడుగున మాంసంలోంచి దిగిన కొవ్వే నూనె, మూత మీద ఎర్రటి నిప్పులు. చీకటితోనే పెట్టి, చర్చి నుంచి వచ్చాక దించేది. ఆమెకి డిగ్రీలు తెలియవు, కానీ కిందా పైనా సెగ పెట్టి నిదానంగా మగ్గించడం తెలుసు. మాకు ఆ మాంసం తెచ్చిచ్చేది ఒక ఎరుకల కుటుంబం. ఏ పందికి ఎంత కొవ్వు పడుతుందో, ఏ భాగం దేనికి పనికొస్తుందో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ తెగనంతా పుట్టుకతోనే నేరస్థులని రాసిపెట్టిన చట్టం 1952లో రద్దయింది, ఊళ్ళో వాళ్ళని చూసే చూపు మాత్రం మారలేదు. వాళ్ళ చేతి మాంసం తిన్నందుకు మమ్మల్ని చూసే చూపూ అంతే.

మా అక్క పెళ్ళి మాటలప్పుడు ఈ బావగారి తరఫువాళ్ళు పెట్టిన మొదటి షరతు కట్నం గురించి కాదు. "మావాళ్ళు మీ ఇంటికొచ్చిన రోజుల్లో ఆ మాంసం వండకండి" అన్నారు. "ఆ మాంసం"! పేరు కూడా పలకలేదు. మా నాయనమ్మ వింటూ ఉండగానే అన్నారు. ఆ ఏడాది క్రిస్మస్‌కి ఆమె పొయ్యి మీద దాక పెట్టలేదు, తర్వాత కూడా పెట్టలేదు. బావ ఆరోజు అక్కడే కూర్చున్నాడు, ఒక్క ముక్క మాట్లాడలేదు.

అదే బావ పోయినేడు కూర్గ్ వెళ్ళి, అక్కడి పంది కూర పళ్ళెం ముందు నవ్వుతూ ఫొటో పెట్టాడు. నల్లటి పులుపు వేస్తారట, ఎంత సంప్రదాయమో అని నాలుగు పేరాలు రాశాడు. అక్కడి కొడవవాళ్ళ వంట సంప్రదాయమే, నేనూ ఒప్పుకుంటా, అద్భుతంగా ఉంటుంది. మరి మా నాయనమ్మది ఏమిటి? ఊరు దాటి వెళ్ళి తింటే సంస్కృతి, మా ఇంట్లో వండితే పేరు ఎత్తకూడని మాంసమా? ఇప్పుడేమో మా ఇంటికొచ్చి, నా ఓవెన్ తెరిచి, అది ఎలా వండాలో నాకే నేర్పుతున్నాడు.

అక్కా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. వచ్చే క్రిస్మస్‌కి నాయనమ్మ దాకలోనే వండుతున్నా, మూత మీద నిప్పులు వేసి. పిల్లల్ని తీసుకుని రా. బావని కూడా రమ్మను. కానీ తిన్నాక ఆయన ఫొటో పెట్టాలి, అది ఏ మాంసమో రాయాలి, ఎవరింట్లో తిన్నాడో రాయాలి, వాళ్ళవాళ్ళందరికీ కనబడేలా పెట్టాలి.